తొమ్మిది మందిమి, ఎనిమిది పాటలు, మొదటి ఆల్బమ్: డప్పు రేకు డబ్బాలా మోగుతోంది

హన్మకొండ_బేస్
రెండేళ్ళ నుంచి తొమ్మిది మందిమి కలిసి పాటలు చేస్తున్నాం. బ్యాండ్ అనడం కంటే గుంపు అంటే సరిగ్గా ఉంటుంది. ఎవరికి సెలవు దొరికితే వాళ్ళు వస్తారు. రెండు గిటార్లు, బేస్, డ్రమ్స్, కీబోర్డు, ఒక డప్పు. పాడేవాళ్ళు అయిదుగురు, అందులో ఇద్దరు వాయిస్తూనే పాడతారు. సుబేదారిలో మా దోస్తు వాళ్ళ మేడ మీది గదిలో రికార్డింగ్ చేశాం. ఎనిమిది పాటలు, మొత్తం 41 నిమిషాలు. మొదటి ఆల్బమ్ అని సంబరపడుతుంటే ఇప్పుడు అన్నీ లొల్లులే.

ముందు డప్పు సంగతి. 3వ పాటలో, 7వ పాటలో ఉంది. గదిలో ఎదురుగా కూర్చుని వింటే గుండె అదురుతుంది. స్పీకర్లో వింటే రేకు డబ్బా. పైగా పాట మొదట్లో ఉన్న శ్రుతి చివరికి ఉండట్లేదు, దిగిపోతోంది.

తర్వాత, నలుగురేమో ఆల్బమ్ మొత్తం ఒకేసారి వదులుదాం అంటున్నారు, నలుగురు నెలకో పాట అంటున్నారు. తొమ్మిదోవాణ్ణి నేనే. నాకు నిద్ర లేదు.

ఇవి చాలవన్నట్టు హైదరాబాద్‌లో తెలిసిన ఒకాయనకు పాటలన్నీ పంపితే మొత్తం విని, "ఇది ఆల్బమ్ కాదు తమ్మీ, అంగడి" అన్నాడు. అయిదు గొంతులు, ఒక్కో పాటది ఒక్కో దారి అట. ఆ రోజు నుంచి గుంపులో సగం మంది ఫోన్లు ఎత్తట్లేదు.

ఇట్లాంటి పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

సర్వపిండి
ఆల్బమ్ పేరు ఫ్రీగా దొరికింది కదన్నా. "అంగడి".

నిశ్శబ్దం_మేలు
అసలు లొల్లి మీరు చెప్పనే లేదు. రాక్ తెలుగులో పాడితే డబ్బింగ్ సినిమాలో విలన్ తిట్టినట్టు ఉంటుంది. దాని ముందు డప్పు ఎంత.

గోదావరిఖని_గిటార్
నిశ్శబ్దం అన్న ప్రతి చర్చలో ఇదే పోస్టు వేస్తాడు, పట్టించుకోకండి.

అంగడి మాట గురించి. కెనడాలో బ్రోకెన్ సోషల్ సీన్ అని ఉంది, టొరంటో వాళ్ళది. గుంపు అంటే ఎట్లుండాలో చెప్పాలంటే ముందు వాళ్ళ పేరే వస్తుంది. కానీ వాళ్ళ మొదటి ఆల్బమ్ "ఫీల్ గుడ్ లాస్ట్" 2001లో వచ్చినప్పుడు ముఖ్యంగా ఇద్దరే, కెవిన్ డ్రూ, బ్రెండన్ కానింగ్. పాడటం తక్కువ, వాయిద్యాలే ఎక్కువ, మెల్లగా సాగుతుంది. గుంపంతా దిగింది 2002లో వచ్చిన రెండో ఆల్బమ్‌లో. దానికి కెనడా సంగీతంలో ఇచ్చే జూనో అవార్డు కూడా వచ్చింది. అంటే గుంపుకు కూడా మొదటిసారి అందరూ ఎక్కాల్సిన పని లేదు. నేనైతే ఎనిమిదిలో నాలుగు పాటలు తీసి పక్కన పెడతా. ఒకే మూడ్ ఉన్న నాలుగింటిని ముందు వదులుతా.

హన్మకొండ_బేస్
నాలుగు తీస్తే నలుగురు పోతారు అన్నా. అదీ సమస్య.

చౌరస్తా_చాయ్
గోదావరిఖని అన్నతో నేను ఒప్పుకోను. కేరళ బ్యాండు తైక్కుడం బ్రిడ్జ్ సంగతేంది మరి? పది మందికి పైనే ఉంటారు, పాడేవాళ్ళే బోలెడంత మంది. 2013లో టీవీ ప్రోగ్రాంతో మొదలై 2015లో మొదటి ఆల్బమ్ తెచ్చారు. పేరు నవరసం. రసానికో పాట. గొంతులు మారుతున్నా వినేవాడికి తికమక ఉండదు, ఎందుకంటే మారడానికి ఒక కారణం చూపించారు. అంగడి అయితే తప్పేంది, కూరగాయలొక లైన్ల, కోళ్ళొక లైన్ల పెట్టాలె. అంతే.

సర్వపిండి
మీరూ తొమ్మిది మందే. భీభత్సరసం ఎవరికిస్తున్నారు?

హన్మకొండ_బేస్
మా డ్రమ్మర్‌కు. అడగాల్సిన పనే లేదు.

మిక్సింగ్_పిచ్చోడు
నాది కరీంనగర్, ఇప్పుడు హైదరాబాద్‌లో సౌండ్ పని చేస్తా. డప్పు గురించి నాలుగు విషయాలు చెప్పు తమ్మీ. గది ఎంత పెద్దది? గోడల మీద ఏముంది? మైకులు ఎన్ని, ఎక్కడ పెట్టారు? డప్పు తోలుదా, ఫైబర్‌దా?

హన్మకొండ_బేస్
గది పన్నెండుకు పదడుగులు. గోడలకు ఏం లేదు, సున్నమే. ఒక మూల బియ్యం బస్తాలు. డప్పు తోలుదే, మేక తోలు. మైకులు రెండు. ఒకటి ముందు జానెడు దూరంలో, ఇంకోటి డప్పు వెనక. వెనకది పెడితే బరువు వస్తుందని వీడియోలో చూశాం. విచిత్రం ఏంటంటే విడివిడిగా వింటే రెండూ బానే ఉన్నాయి. రెండూ కలిపితేనే రేకు డబ్బా.

మిక్సింగ్_పిచ్చోడు
పదడుగుల గదిలో, ఉత్త సున్నం గోడల మధ్య డప్పు కొడితే ఇంకెట్లుంటది. ముందు గోడల సంగతి చూడాలి. ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటుంది. చప్పట్లు కొట్టి చూడు, చివర్లో చిర్ర్‌మని వినిపిస్తుంది.

కొత్తవాడ_పిల్ల
జంపఖానాలు వేలాడదీయండి. మన ఊళ్ళో ఉండి గోడలు ఖాళీగా పెట్టుకున్నారా?

సర్వపిండి
అక్క అమ్మకానికి దిగింది.

కొత్తవాడ_పిల్ల
దిగితే ఏం? మా ఇంట్లో మూడు తరాల మగ్గం. 2018లో వరంగల్ జంపఖానాకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాటలవాళ్ళు కొంటే ఇంకా మంచిది.

కానీ ఒక మాట. అందరూ చేసే తప్పు, గోడకు మేకులు కొట్టి పోస్టర్ అంటించినట్టు అంటిస్తారు. అట్లయితే ఏం లాభం లేదు. జంపఖానా అంటే పలుచటి పత్తి నేత, దుప్పటి మందం కూడా ఉండదు. రెండు మడతలు వేసి, గోడకు జానెడు ఎడం వదిలి, తాడు మీద వేలాడదీయాలి. మా తమ్ముడు లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసుల కోసం మగ్గం గదిలో ఇట్లనే చేసుకున్నాడు. అంతకుముందు వాడు మాట్లాడితే బావిలోంచి మాట్లాడినట్టు ఉండేది.

మిక్సింగ్_పిచ్చోడు
ఎడం వదలాలన్న మాట వందకు వంద కరెక్టు. కానీ జంపఖానాతో చిర్ర్‌మనేది పోతుంది, బుయ్‌మనేది పోదు. లెక్క చెప్తా. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. 100 హెర్ట్జ్ బేస్ తరంగం పొడవు సుమారు మూడున్నర మీటర్లు. అంటే మీ గది పొడవంత. దాన్ని గుడ్డ ఆపలేదు. దానికి మందం కావాలి, అదీ మూలల్లో. తమ్మీ, ఆ బియ్యం బస్తాలు తీసి పత్తి బోరాలు పెట్టండి. బియ్యం బరువే తప్ప అందులోకి గాలి ఆడదు, శబ్దాన్ని తాగదు. వదులుగా నింపిన పత్తి తాగుతుంది.

పరకాల_రైతుబిడ్డ
పత్తి బోరాలు కావాలంటే ఎనుమాముల మార్కెట్లో సీజన్లో కుప్పలు కుప్పలు. రేటు రాక మేం ఏడుస్తున్నాం, పాటలకైనా పనికొస్తే సంతోషం. నాలుగు బోరాలు నేనే ఇస్తా, పని అయిపోయాక వాపసు ఇయ్యండి. పాట విన్న పత్తికి రేటు ఎక్కువ వస్తదేమో చూద్దాం.

సిర్ర_పుల్ల
పత్తి బోరాలు ఒక పక్క, డప్పు కాగబెట్టే మంట ఒక పక్క. ఆల్బమ్ రిలీజుకు ఫైరింజన్ వస్తుంది.

నేను జనగామ దిక్కు టీచర్‌ని, చిన్నప్పటి నుంచి డప్పు. శ్రుతి దిగుతోంది అన్నావు కదా తమ్మీ, అది మైకు తప్పు కాదు, గది తప్పు కాదు. తోలు తప్పు. తప్పు కూడా కాదు, దాని గుణమే అంత. తోలు గాలిలోని చెమ్మ పీల్చుకుంటుంది, వదులవుతుంది. అందుకే వాయించే ముందు మంటకు కాగబెడతాం. కాగిన తోలు బిగుసుకుని కణకణమంటుంది. వానాకాలంలో ఆ బిగువు ఎక్కువ సేపు ఉండదు. ఏ నెలలో రికార్డ్ చేశారు?

హన్మకొండ_బేస్
ఆగస్టులో అన్నా. కింద వాకిట్లో వరిగడ్డి మంట పెట్టి కాగబెట్టి, మేడ మీదికి ఉరికేవాళ్ళం. ఒక రోజు గడ్డి అంటుకోక మా వోడు అమ్మ హెయిర్ డ్రైయర్ పట్టాడు.

సర్వపిండి
డప్పుకు హెయిర్ డ్రైయర్. దానికి షాంపూ కూడా పెట్టాల్సింది.

గోదావరిఖని_గిటార్
ఇంత తిప్పలెందుకు? ఫైబర్ డప్పు కొనండి. బోల్టులు తిప్పితే శ్రుతి, వాన పడినా దిగదు.

సిర్ర_పుల్ల
బరాతుకు అది పర్వాలేదు, వానలో ఊరేగింపుకు మంచిదే, నా దగ్గరా ఒకటుంది. రికార్డింగ్‌లో మాత్రం వద్దు. కుడి చేతిలో సిర్ర, అంటే లావు పుల్ల, కొట్టే దెబ్బ వరకు నడుస్తుంది గానీ, ఎడమ చేతిలో సిటికెన పుల్ల ఉంటుంది చూడు, ఆ సన్న పుల్ల తోలు మీద పడితే ఒక రకమైన గరగర వస్తుంది. ఫైబర్ మీద పడితే స్టీలు పళ్ళెం మీద గోటితో గీకినట్టు. డప్పు అంటే సగం ఆ గరగరే.

తోలు డప్పుతోనే చేయండి. రెండు డప్పులు పెట్టుకోండి. ఒకటి వాయిస్తుంటే ఒకటి మంట దగ్గర. పాట మొత్తం ఒకే ఊపులో కొట్టకండి, చరణానికో టేకు తీసుకోండి. డప్పు మార్చినప్పుడల్లా నోటితో ఒకసారి పలికించి, దెబ్బ వేసి సరిపోల్చుకోండి. మా ఊరి పెద్దమనిషి ఒకాయన చెంప దగ్గర పెట్టుకుని వేడి చూసేవాడు, ఎంత కాగిందో అట్ల తెలుస్తుంది.

రెండో_బెంచి
విడిగా బాగుండి, కలిపితే పాడవుతోంది అన్నారు కదా. వెనక మైకు పొలారిటీ తిప్పారా?

హన్మకొండ_బేస్
అంటే?

రెండో_బెంచి
దెబ్బ కొట్టగానే తోలు వెనక్కి పోతుంది. ముందున్న మైకుకు ఆ క్షణం గాలి తగ్గినట్టు, వెనకున్న మైకుకు గాలి వచ్చి తోసినట్టు. ఒకదాని అల పైకి, ఇంకోదాని అల కిందికి. రెండూ కలిపితే బరువైన శబ్దం ఒకదాన్నొకటి చంపుకుంటాయి. సన్నటిది మాత్రం మిగులుతుంది. మీరు చెప్పే రేకు డబ్బా అదే. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ట్రాక్‌కు ఒక బటన్ ఉంటుంది, సున్నా మీద అడ్డగీత గీసినట్టు గుర్తు. వెనక మైకు ట్రాక్ మీద అది నొక్కండి.

మిక్సింగ్_పిచ్చోడు
అబ్బా. నేను గోడల దగ్గరే ఆగిపోయా. మొదట అడగాల్సిన ప్రశ్న అది. చెప్పుతో కొట్టుకోవాలి.

హన్మకొండ_బేస్
నొక్కాను.

ఏం రాయాలో తెలియట్లేదు. డప్పు వచ్చింది. ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా మేం తిట్టుకున్న తిట్లన్నీ ఒక్క బటన్ కోసమా. మా డప్పు వాయించేవాడికి ఫోన్ చేసి వినిపించా. వాడు మూడు నెలలుగా "నా చెయ్యే బాలేదేమో" అనుకుంటున్నాడట. ఆ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు.

సర్వపిండి
రెండో బెంచి అన్నకు మొదటి బెంచి ఇప్పించండి.

రెండో_బెంచి
వద్దు, ఇక్కడే బాగుంది.

నిశ్శబ్దం_మేలు
సరే, డప్పు బాగుపడింది. భాష?

చౌరస్తా_చాయ్
నిశ్శబ్దం అన్నా, నీ మాటలో కొంచెం నిజం ఉంది. ఇన్నాళ్ళు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నా. పుస్తకం తెలుగులో మాటలన్నీ అచ్చుతో ఆగుతాయి. "వెళుతున్నావు", "చేస్తున్నావు". డ్రమ్స్‌లో స్నేర్ దెబ్బ పడ్డాక కూడా ఆ "వూ" తోకలా సాగుతుంది. మన దగ్గర మాట్లాడేది విను. "పోతున్నవ్", "జేస్తున్నవ్", "ఏం గావాలె నీకు", "ఇగ జూడు". సగం మాటలు హల్లు మీద టక్కున ఆగుతాయి. దెబ్బ మీద దెబ్బ. నేను వాళ్ళ 3వ పాట విన్నా, లింకు పంపాడు. పల్లవి మన యాసలో ఉంది, బాగుంది. చరణానికి వచ్చేసరికి ఎందుకో గ్రాంథికంలోకి పోయారు, అక్కడ జారింది. డబ్బింగ్ లాగా అనిపించేది ఆ చరణమే.

హన్మకొండ_బేస్
చరణం రాసింది మా తెలుగు టీచరమ్మ. ఈ పోస్టు ఆమెకు చూపించను.

నిశ్శబ్దం_మేలు
లింకు నాకూ పంపు.

లా_పాయింట్
మీరంతా శబ్దం మీదే ఉన్నారు, నాకు వేరే భయం. పాటలు ఎవరివి? కాగితం మీద ఏమైనా రాసుకున్నారా?

హన్మకొండ_బేస్
లేదక్కా. అందరివీ అనుకున్నాం. ఈ మధ్య మాత్రం ప్రతి ఒక్కరూ "ఆ ట్యూన్ నాదే" అంటున్నారు.

లా_పాయింట్
అందరివీ అంటే కోర్టులో ఎవరివీ కావు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఒక పాటలో మూడు వేరు వేరు ఆస్తులుంటాయి. సాహిత్యం రాసినవారిది, స్వరం కట్టినవారిది. రికార్డింగ్ మాత్రం దాన్ని పూనుకుని, బాధ్యత తీసుకుని చేయించినవారిది. పాడినవాళ్ళకు, వాయించినవాళ్ళకు ప్రదర్శన హక్కులు వేరే, అవి 50 ఏళ్ళు. 2012 సవరణ తర్వాత కవీ, సంగీతకర్తా తమ హక్కులు వేరేవాళ్ళకు రాసిచ్చినా, రాయల్టీలో వాళ్ళతో సమానంగా వాటా పొందే హక్కు ఉంది.

ఇద్దరు ముగ్గురు కలిసి చేసిన స్వరమైతే ఆఖరివాళ్ళు పోయాక కూడా 60 ఏళ్ళు నడుస్తుంది. ఇవాళ సోపతితో వదిలేసింది రేపు మనవళ్ళ దాకా పోతుంది. ప్రతి పాటకు ఒక కాగితం తీయండి. ఎవరు రాశారు, ఎవరు కట్టారు, ఎవరి వాటా ఎంత, కింద తొమ్మిది సంతకాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కావాలంటే సాహిత్యానికి, స్వరానికి ఒక్కోదానికి 500 రూపాయల ఫీజు, రికార్డింగ్‌కు 2,000. సంతకాల కాగితం మాత్రం తప్పనిసరే అనుకోండి.

హన్మకొండ_బేస్
రికార్డింగ్ ఖర్చు సమానంగా పెట్టుకున్నాం. తొమ్మిది మందికీ సమానం అనుకుంటే తలా 11.11 శాతం.

సర్వపిండి
11.11 తొమ్మిది సార్లు వేస్తే 99.99. మిగిలిన 0.01 ఎవరిది?

లా_పాయింట్
నవ్వకండి, నిజంగా ఆ 0.01 మీద నా ఆఫీసులో గంట సేపు అరుచుకున్న అన్నదమ్ములున్నారు. అది పొలం కేసు.

కాజీపేట_లోకో
రైల్వేలో రిటైరైనవాణ్ణి. ఉద్యోగంలో ఉండగా ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించేవాణ్ణి, పెళ్ళిళ్ళు, గణపతి నవరాత్రులు. మీ పేర్ల గొడవ చదివాక ఒకటి చెప్పాలనిపించింది.

క్యాసెట్ల రోజుల్లో ఒకాయన భక్తి పాటల క్యాసెట్ చేస్తానని మమ్మల్ని తీసుకుపోయాడు. రాత్రి పదింటికి మొదలుపెట్టి తెల్లారి అయిదుకు పది పాటలు. పగలు మళ్ళీ డ్యూటీ. నెల తర్వాత బస్టాండు దగ్గర ఆ క్యాసెట్ చూశాను. కొన్నాను కూడా. లోపలి కాగితంలో క్యాసెట్ మీద బొమ్మ వేసినాయన పేరుంది, మా ఆరుగురిలో ఒక్కరి పేరు లేదు. డబ్బు సంగతి మర్చిపోయాను గానీ ఆ కాగితం మర్చిపోలేదు. ఇప్పటికీ బీరువాలో ఉంది.

ఇంకో సంగతి, అంగడి అన్నాయనకు జవాబు. క్యాసెట్‌కు రెండు పక్కలుండేవి. 60 నిమిషాల క్యాసెట్ అంటే పక్కకు ముప్ఫై. పాటల వరుస పెట్టడం అంటే ఒక్క వరుస కాదు, రెండు. మొదటి పక్క చివరి పాట ఎప్పుడూ నెమ్మదిగా ఉండేది, ఎందుకంటే వినేవాడు లేచి తిప్పాలి. రెండో పక్క మొదటి పాట హుషారు, మళ్ళీ కూర్చోబెట్టాలి. మీకు 41 నిమిషాలు, ఇరవై ఇరవై చొప్పున రెండు పక్కలు అనుకుని పేర్చండి. అయిదు గొంతులన్నారు కదా, ఒక పాటలో పాడినవాళ్ళు తర్వాతి పాటలో వంత పాడేలా పెట్టండి. అప్పుడు గొంతు మారినా ఇల్లు మారినట్టు ఉండదు.

మిక్సింగ్_పిచ్చోడు
ఈ పెద్దాయన చెప్పింది ఏ కోర్సులోనూ చెప్పరు. నేను దానికి కలిపేది ఒక్కటే, గొంతులన్నిటికీ ఒకే రివర్బ్, అంటే గది ప్రతిధ్వనిలాంటి ఎఫెక్ట్, వాడండి. అందరూ ఒకే గదిలో నిలబడ్డట్టు అనిపిస్తుంది. ఇంకా, శబ్దం పెంచి పెంచి చంపకండి. స్పాటిఫై ఎట్లాగూ మైనస్ 14 లఫ్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది. మీరు గట్టిగా నొక్కి పంపితే అది తగ్గిస్తుంది, నొక్కిన మచ్చ మాత్రం ఉండిపోతుంది.

హన్మకొండ_బేస్
లోకో సార్, వంత పాడించే ముచ్చట మా వాళ్ళకు చెప్పాను. మూడు వారాల తర్వాత మొదటిసారి గ్రూపులో అందరూ ఒకే విషయం మాట్లాడుకున్నారు.

లా అక్కా, ఇంకో డౌటు. 6వ పాట మొదట్లో నలభై సెకన్లు ఒక అవ్వ గొంతు ఉంది. మా దోస్తు వాళ్ళ అమ్మమ్మ, పరకాల దగ్గర ఊరు. బతుకమ్మ రోజుల్లో పాడుతుంటే ఫోన్‌లో రికార్డ్ చేశాడు. జానపదమే కదా, ఎవరి పర్మిషన్ అక్కర్లేదు అంటున్నారు.

లా_పాయింట్
పాట ఎవరిదీ కాకపోవచ్చు. గొంతు ఆమెది. పాడిన మనిషికి ప్రదర్శన హక్కు ఉంటుంది, ఆమె ఒప్పుకోకుండా వాణిజ్యంగా వాడలేరు. చదివి వినిపించి, అర్థమయ్యేలా చెప్పి, వేలిముద్ర అయినా తీసుకోండి. డబ్బు కూడా ఇవ్వండి. పేరు వేయండి.

పరకాల_రైతుబిడ్డ
ఏ ఊరు అన్నా? మా దిక్కే అయితే నేనూ వస్తా.

గోదావరిఖని_గిటార్
అవ్వ గొంతు మొదట్లో పెట్టి తర్వాత గిటార్ దంచడం ఇప్పుడు ప్రతివాడూ చేస్తున్నాడు. ఊరి గొంతును మసాలాలా చల్లడం నాకు నచ్చదు. పెడితే పాట మొత్తం ఆమెతో పాడించండి, లేకపోతే తీసేయండి.

చౌరస్తా_చాయ్
ఈసారి గోదావరిఖని అన్నతో ఒప్పుకుంటా. తేదీ రాసి పెట్టుకోండి.

హన్మకొండ_బేస్
ఆదివారం పోయి వచ్చాం. అవ్వ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. ఫోన్లో వినిపిస్తే సగం వినకముందే "గిదేంది, రెండో మాట తప్పు పాడిన" అని చేతులు చీరకు తుడుచుకుని మళ్ళీ పాడింది. ఈసారి మొత్తం పాడింది, ఏడు నిమిషాలు. కాగితం చదివి వినిపించాం. డబ్బులు తీసుకుంది, లెక్కపెట్టింది కూడా. "నా పేరేస్తరా?" అని రెండుసార్లు అడిగింది. "మా ఆయన పేరు కాదు, నా పేరు" అంది.

లా_పాయింట్
ఆమె నా కంటే మంచి లాయర్.

కాజీపేట_లోకో
వేయండి బాబూ. పెద్ద అక్షరాలతో.

హన్మకొండ_బేస్
ఆల్బమ్‌నా, నెలకో పాటనా అనేది మాత్రం ఇంకా తేలలేదు.

రెండో_బెంచి
రెండూ చేయొచ్చు. ముందు రెండు మూడు పాటలు విడివిడిగా వదలండి. తర్వాత ఆల్బమ్ వేసేటప్పుడు ఆ పాటలకు పాత ఐఎస్ఆర్‌సీ కోడే ఇవ్వండి, ప్రతి రికార్డింగ్‌కు ఉండే గుర్తింపు కోడు, అక్షరాలు, అంకెలు కలిపి పన్నెండు ఉంటాయి చూడండి. అప్పుడు పాత వినికిడి లెక్క పోదు. ఇంకోటి, స్పాటిఫై వాళ్ళ ప్లేలిస్టుల కోసం ఒకసారి ఒక పాటే పంపగలరు, అదీ విడుదలకు కనీసం వారం ముందు. ఎనిమిదీ ఒకేసారి వదిలితే ఏడు పాటలకు ఆ అవకాశం ఉండదు.

సర్వపిండి
ఈయన నాలుగు పోస్టుల్లో రెండు సమస్యలు తీర్చాడు. మిగతా మేమంతా ఎందుకున్నాం?

చౌరస్తా_చాయ్
కవర్ ఫోటో ఏంటో చెప్పనేలేదు.

హన్మకొండ_బేస్
వేయి స్తంభాల గుడి ముందు తొమ్మిది మందిమి, వెనక సూర్యుడు.

చౌరస్తా_చాయ్
వద్దు.

కొత్తవాడ_పిల్ల
వద్దు తమ్మీ.

నిశ్శబ్దం_మేలు
వద్దు. గుడి 1163 నుంచి ఉంది, దానికి మీ పబ్లిసిటీ అక్కర్లేదు.

పరకాల_రైతుబిడ్డ
పత్తి బోరాల మీద కూర్చుని దిగండి. నా బోరాలు అయితే ఇంకా మంచిది.

హన్మకొండ_బేస్
నెల తర్వాత వస్తున్నా. గదికి ఆరు జంపఖానాలు, నాలుగు పత్తి బోరాలు పెట్టాం. గొంతులు, గిటార్లు అక్కడే మళ్ళీ చేశాం. డప్పు మాత్రం సిర్ర పుల్ల అన్న మాట విని బయట చేయాలనుకున్నాం. లోకో సార్ వాళ్ళ ఇంటి డాబా ఇచ్చారు. ఒక మూల మంట, రెండు డప్పులు, వెనక మైకుకు ఆ బటన్ ముందే నొక్కి పెట్టాం. చలికాలం కాబట్టి తోలు బిగువు బాగా నిలిచింది.

7వ పాట చివరి చరణం, ఆరో టేకు. అందరికీ ఒళ్ళు పులకరించేలా వచ్చింది. సరిగ్గా ఆఖరి నాలుగు దెబ్బల ముందు రైలు కూత. మైకులో పూర్తిగా పడింది.

మిక్సింగ్_పిచ్చోడు
ఫైలు విన్నా. కూత మీ పాట శ్రుతికి అర మెట్టు కింద ఉంది. చెవిలో గుచ్చుకుంటుంది. ఇంకో టేకు వాడండి.

సిర్ర_పుల్ల
ఉంచండి. ఆ కూత విని మీవోడు సిర్ర దెబ్బ గట్టిగా వేశాడు, మిగతా టేకుల్లో ఆ దెబ్బ లేదు.

కాజీపేట_లోకో
అది గూడ్సు. సిగ్నల్ కోసం ఆగి కదిలేటప్పుడు వేసిన కూత. నేను డాబా మీదే ఉన్నాను కదా, టేకు పాడైందని మీ వాళ్ళు తల పట్టుకుంటే నాకు నవ్వొచ్చింది.

హన్మకొండ_బేస్
ఓటింగ్ పెట్టాం. నలుగురు ఉంచమని, నలుగురు తీయమని. మళ్ళీ తొమ్మిదోవాణ్ణి నేనే. పోయి అవ్వకు వినిపించా. డప్పు విన్నంత సేపు తల ఊపింది. కూత రాగానే "బండొచ్చింది, లేవుండ్రి" అని నిజంగానే లేచి నిలబడింది.

ఉంచుతున్నాం.

సర్వపిండి
ఆ మిగిలిన 0.01 శాతం గూడ్సు బండి పేరున రాయండి. లా అక్క సంతకం ఎట్ల తీసుకోవాలో చెప్తుంది.